బావి ఎదురు తిరిగితే: ఐదు రోజుల శిక్షణ నేర్పేదేమిటి?

1995 జనవరి 8న తూర్పు గోదావరి జిల్లా పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావి నుంచి గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్ని అంటుకుంది. ఆ మంటలను ఆర్పడానికి సుమారు 65 రోజులు పట్టింది. చుట్టుపక్కల గ్రామాల ప్రజలు ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. ‘బ్లోఔట్’ అనే మాట కోనసీమలో ఇంటింటికీ తెలిసింది అప్పుడే.

ఇలాంటి ప్రమాదాన్ని మొదటి నిమిషాల్లోనే పసిగట్టి ఆపడం ఎలాగో నేర్పేదే వెల్ కంట్రోల్ శిక్షణ. సాధారణంగా ఇది ఐదు రోజుల కోర్సు. పెట్రోలియం ఇంజినీర్లకు ఎన్ని స్వల్పకాలిక కోర్సులు ఉన్నా, రిగ్ మీద కీలక బాధ్యతల్లో ఉన్నవారు తప్పనిసరిగా మళ్లీ మళ్లీ రాయాల్సిన పరీక్ష మాత్రం ఇదే.

కిక్ అంటే ఏమిటి?

భూగర్భంలోని రాతి పొరల్లో చమురు, గ్యాస్, నీరు తీవ్ర ఒత్తిడితో ఉంటాయి. తవ్వే సమయంలో వాటిని అదిమి ఉంచేది బావి నిండా ఉండే బరువైన ద్రవం. దాన్ని రిగ్ మీద ‘మడ్’ అంటారు. లెక్క తేలికే. 3,000 మీటర్ల లోతున్న బావిలో 1.20 సాంద్రత గల మడ్ ఉంటే అడుగున చదరపు సెంటీమీటరుకు 360 కిలోల ఒత్తిడి పడుతుంది. పొరలోని ఒత్తిడి 375 కిలోలు అయితే మడ్ దాన్ని ఆపలేదు. పొరలోని ద్రవం బావిలోకి చొరబడుతుంది. దాన్నే ‘కిక్’ అంటారు. కిక్‌ను అదుపు చేయలేకపోతే అది బ్లోఔట్‌గా మారుతుంది.

చొరబడింది గ్యాస్ అయితే ప్రమాదం ఎక్కువ. పైకి వస్తున్నకొద్దీ దానిపై ఒత్తిడి తగ్గి, గ్యాస్ వ్యాకోచిస్తుంది. అడుగున ఒక ఘనపు మీటరు ఉన్న గ్యాస్, బావి తెరిచి ఉంటే, సగం లోతుకు వచ్చేసరికి దాదాపు రెండు ఘనపు మీటర్లు అవుతుంది. 750 మీటర్ల లోతుకు చేరేసరికి నాలుగు అవుతుంది. ఉపరితలానికి వచ్చేసరికి కొన్ని వందల రెట్లు పెరుగుతుంది. అంటే ప్రయాణంలో ఎక్కువ భాగం దాని జాడ పెద్దగా కనిపించదు. కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే సరికి మిగిలే వ్యవధి చాలా తక్కువ. అందుకే ఈ శిక్షణ అంతా చిన్న సంకేతాల చుట్టూ తిరుగుతుంది.

ఐదు రోజుల్లో ఏం నేర్పుతారు?

మొదటి పాఠం సంకేతాలను గుర్తించడం. లోపలికి పంపిన దానికంటే ఎక్కువ మడ్ తిరిగి రావడం, ట్యాంకుల్లో మట్టం పెరగడం, పంపులు ఆపినా ప్రవాహం ఆగకపోవడం, తవ్వే వేగం హఠాత్తుగా పెరగడం వీటిలో ముఖ్యమైనవి. పైపులను బయటకు లాగుతున్నప్పుడు మరింత అప్రమత్తత కావాలి. వేగంగా లాగితే అడుగున ఒత్తిడి తగ్గి పొరలోని గ్యాస్ లోపలికి వస్తుంది. బయటకు వచ్చిన ఉక్కు పరిమాణానికి సరిపడా మడ్ నింపకపోయినా అదే జరుగుతుంది. అందుకే ఎన్ని పైపులు తీశారు, ఎంత మడ్ నింపారు అన్నది ‘ట్రిప్ షీట్’లో రాస్తూ పోవాలి.

రెండోది బావిని మూయడం. బావి తలపై అమర్చిన భారీ కవాటాల సముదాయమే బ్లోఔట్ ప్రివెంటర్. రిగ్ భాషలో బీఓపీ. అనుమానం వస్తే ముందు మూయాలి, తర్వాత చర్చించాలి అన్నది ఇక్కడి సూత్రం. ఆ మీట నొక్కడానికి డ్రిల్లర్ ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకూడదు.

మూడోది బావిని తిరిగి అదుపులోకి తేవడం. పై ఉదాహరణలో బావిని మూసిన తర్వాత డ్రిల్ పైపు వద్ద 15 కిలోల ఒత్తిడి కనిపిస్తుంది. దాన్ని బట్టి మడ్ సాంద్రతను 1.20 నుంచి 1.25కు పెంచాలని లెక్క తేలుతుంది. ముందు పాత మడ్‌తోనే గ్యాస్‌ను బయటకు పంపి, తర్వాత బరువైన మడ్ నింపడం ‘డ్రిల్లర్ పద్ధతి’. బరువైన మడ్ సిద్ధం చేసుకుని ఒకే విడతలో రెండు పనులూ పూర్తి చేయడం ‘వెయిట్ అండ్ వెయిట్’ పద్ధతి. ఏదైనా సరే, అడుగున ఒత్తిడి తగ్గకూడదు, మరీ పెరగకూడదు. తగ్గితే మళ్లీ కిక్ వస్తుంది. పెరిగితే రాతి పొర పగిలి మడ్ అందులోకి పోతుంది. బావిలో మట్టం పడిపోయి మళ్లీ కిక్‌కే దారితీస్తుంది.

పరీక్ష, పత్రం

ఈ శిక్షణకు ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు ఇచ్చే సంస్థలు ప్రధానంగా రెండు. ఒకటి 1992లో ఏర్పడిన అంతర్జాతీయ వెల్ కంట్రోల్ ఫోరం (ఐడబ్ల్యూసీఎఫ్). రెండోది డ్రిల్లింగ్ కాంట్రాక్టర్ల అంతర్జాతీయ సంఘం (ఐఏడీసీ). ఐడబ్ల్యూసీఎఫ్ పద్ధతిలో మూడో స్థాయి డ్రిల్లర్లకు, నాలుగో స్థాయి పర్యవేక్షకులకు. రాతపరీక్షతో పాటు సిమ్యులేటర్‌పై కిక్‌ను అదుపు చేసి చూపాలి. ఉత్తీర్ణతకు 70 శాతం మార్కులు కావాలి. ఈ స్థాయిల పత్రం రెండేళ్లే చెల్లుతుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా మళ్లీ పరీక్ష రాయాల్సిందే. అసలైన కిక్ తరచూ రాదు. సాధన లేని నైపుణ్యం మొద్దుబారుతుంది.

దేశంలో డెహ్రాడూన్‌లోని ఓఎన్‌జీసీ డ్రిల్లింగ్ టెక్నాలజీ సంస్థ ఇలాంటి శిక్షణకు పేరొందింది. ఉత్పత్తి విభాగం ఇంజినీర్లకు పన్వేల్‌లో, భద్రతా అంశాలకు గోవాలో అదే సంస్థకు వేర్వేరు కేంద్రాలున్నాయి. 2016లో విశాఖపట్నంలో మొదలైన భారత పెట్రోలియం, ఇంధన సంస్థ, కాకినాడ జేఎన్‌టీయూ వంటి చోట్ల పెట్రోలియం ఇంజినీరింగ్ చదివే తెలుగు విద్యార్థులకు డిగ్రీతో సిద్ధాంతం అందుతుంది. రిగ్‌పై బాధ్యత చేతికి రావాలంటే మాత్రం ఈ పత్రం కావాలి.

తవ్వకంతో ముగిసిపోదు

ఉత్పత్తిలో ఉన్న బావీ ఎదురు తిరగొచ్చు. అస్సాం తిన్‌సుకియా జిల్లాలోని బాఘ్‌జాన్‌లో ఆయిల్ ఇండియా బావి 2020 మే 27న బ్లోఔట్ అయినప్పుడు అక్కడ జరుగుతున్నది కొత్త తవ్వకం కాదు, పాత బావికి మరమ్మతు వంటి ‘వర్కోవర్’ పని. జూన్ 9న మంటలు అంటుకున్నాయి. ఆ సంస్థ అగ్నిమాపక సిబ్బంది ఇద్దరు మరణించారు. వేలమంది సహాయ శిబిరాలకు చేరారు. బావిని పూర్తిగా అదుపు చేసేసరికి నవంబర్ వచ్చింది. పరీక్షించి నిర్ధారించుకున్న రెండో రక్షణ లేకుండానే బీఓపీని తొలగించారన్నది విచారణలో బయటపడిన ప్రధాన లోపాల్లో ఒకటి. ఎప్పుడైనా రెండు వేర్వేరు అడ్డుగోడలు ఉండాలన్నది ఈ కోర్సుల్లో మొదటి రోజే చెప్పే మాట.

పత్రం ఉన్నా ప్రమాదం ఎందుకు?

2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్‌పై 11 మంది చనిపోయారు. మకొండో బావి నుంచి చమురు 87 రోజులపాటు సముద్రంలోకి పారింది. అక్కడ ఉన్నవారు శిక్షణ లేనివారు కాదు. బావి అడుగున వేసిన సిమెంటు పట్టిందో లేదో తేల్చే పరీక్షలో డ్రిల్ పైపు వద్ద ఒత్తిడి సున్నాగా ఉండాల్సింది, 1,400 పీఎస్ఐ చూపింది. బావి సురక్షితంగా లేదని చెప్పే అంకె అది. దానికి వేరే కారణం చెప్పుకుని పని కొనసాగించారు. తర్వాత సంకేతాలు కనిపించినా, మడ్ రిగ్ పైకి పొంగే వరకు చర్య తీసుకోలేదు.

అంటే లోపం సూత్రాల్లో లేదు. నమ్మాలనుకున్నదాన్నే నమ్మడంలో, ఆలస్యమైన పనిని ముగించాలన్న తొందరలో, పై అధికారిని ప్రశ్నించలేకపోవడంలో ఉంది. అందుకే ఆ ప్రమాదం తర్వాత చమురు ఉత్పత్తి కంపెనీల అంతర్జాతీయ సంఘం శిక్షణను సవరించాలని సూచించింది. విమాన పైలట్లకు ఇచ్చే బృంద నిర్వహణ శిక్షణ తరహాలో రిగ్ బృందాలకు 2014లో ఒక పాఠ్యప్రణాళికను విడుదల చేసింది. అనుమానాన్ని పైకి చెప్పడం, చిన్న ఉద్యోగి చెప్పినా ఆగి వినడం ఇందులో భాగం.

ఇక మిగిలింది రిగ్ మీద జరగాల్సిన పని. కోర్సు ముగించుకుని వచ్చిన బృందానికి ముందస్తు సమాచారం లేకుండా కిక్ డ్రిల్ పెట్టడం, బావిని మూయడానికి ఎంత సమయం పట్టిందో నమోదు చేయడం ఈ రంగంలో పాత పద్ధతే. ఆ నమోదు నిజంగా జరుగుతోందా, లేక పుస్తకంలో అంకెలు మాత్రమే నిండుతున్నాయా అన్నదానిపైనే బావి పక్కన నివసించే గ్రామాల భద్రత ఆధారపడి ఉంది. గోడకు తగిలించిన పత్రం ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.