గొడ్డలి పిడి నుంచి తూటాల సంచి దాకా

ప్రాచీన మెక్సికో ప్రజలు రాతిగొడ్డలిని కర్రపిడికి వెడల్పాటి రబ్బరు పట్టీలతో బిగించేవారు. ఈ సంగతి చదివిన రోజు నాకు పట్టరాని సంబరమైంది. నేటి సిపాయి ఛాతీమీది సంచిలో తూటాల మ్యాగజైన్ జారిపోకుండా పట్టే సన్నని సాగేతాడుకు అంత పాత చుట్టం ఉందన్నమాట!

పరుగెత్తినా జారకూడదు, చెయ్యి వేయగానే రావాలి. ఆయుధం మోసిన ప్రతివాడిదీ ఇదే చిక్కు. తమిళనాడులోని ధర్మపురి జిల్లా నడుగల్లకు పేరుపడ్డది. మనం వీరగల్లులంటాం. వాటిమీది వీరుల్లో కొందరి నడుమున బాకు కనిపిస్తుంది. దాన్ని నిలిపింది నడికట్టు బిగువే. రబ్బరు మన దాకా రావడానికి ఇంకా చాలా కాలం ఉంది.

మెక్సికోలోని ఎల్ మనతీలో క్రీ.పూ. 1600 ప్రాంతపు రబ్బరు బంతులు దొరికాయి. చెట్టుపాలలో రాత్రిపూట తెల్లగా పూసే ఒక తీగ రసం కలిపి అక్కడివారు రబ్బరుకు సాగే గుణం తెచ్చేవారని 1999లో డొరొతీ హోస్లర్ బృందం ‘సైన్స్’ పత్రికలో చూపింది. ఈ విద్యను ఐరోపా పట్టించుకోలేదు. మూడు వేల ఏళ్లకు పైబడ్డ అనుభవం వృథా పోయింది. పాఠ్యపుస్తకాల్లో పేరు మాత్రం అమెరికావాడైన గుడ్‌ఇయర్‌ది. నాకిది అన్యాయంగానే తోస్తుంది.

ఇక నాకు అమితంగా నచ్చిన మనిషి థామస్ హాన్‌కాక్. 1786లో ఇంగ్లండులో పుట్టాడు. గ్లవ్సుకు, మేజోళ్లకు, బూట్లకు రబ్బరు పట్టీలు కుట్టే పద్ధతికి 1820లో లండన్‌లో పేటెంటు తీసుకున్నాడు. ముడి రబ్బరును పట్టీలుగా కోస్తే ముక్కలు బోలెడు మిగిలేవి. వాటిని తురుముదామని పళ్లున్న రోలరుతో ఒక యంత్రం చేశాడు. తురుము రాలేదు, వేడెక్కి ఒకటే ముద్దయి కూర్చుంది! ఆ ముద్దనుంచి కావలసినన్ని పట్టీలు కోయవచ్చు. గుట్టు బయటపడకుండా యంత్రానికి ‘పికిల్’ అని పేరు పెట్టి, ఏళ్ల తరబడి దాచాడు. అయినా రబ్బరు ఎండకు జిగురయ్యేది, చలికి బిరుసెక్కేది. గంధకంతో వేడిచేస్తే ఆ జబ్బు కుదురుతుందని అమెరికాలో గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. ఆయన నమూనాలు పరీక్షించిన హాన్‌కాక్ 1843లో ఇంగ్లండులో ముందుగా పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. గుడ్‌ఇయర్‌కు అమెరికా పేటెంటు 1844లో వచ్చింది. మరుసటి ఏడు స్టీఫెన్ పెర్రీ రబ్బరు బ్యాండుకు పేటెంటు పొందాడు.

రబ్బరు పోగుల కట్టకు నూలు అల్లిక తొడిగితే తాడవుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సాప్‌విత్ క్యామెల్ విమానపు చక్రాల ఇరుసును ఇలాంటి తాళ్లతోనే కట్టారు, దిగేటప్పటి అదురును అవే మింగేవి. తర్వాత నూలు స్థానంలో నైలాను వచ్చింది. 1990ల చివర అమెరికా సైన్యం మోలీ పద్ధతి తెచ్చింది. కవచానికి అంగుళం వెడల్పు పట్టీలు వరుసగా కుట్టి, సంచులను వాటికి అల్లి తగిలిస్తారు. మూత తెరిచే ఆలస్యం వద్దనుకున్న సంచులకు మూతకు బదులు సాగేతాడు వచ్చింది.

కట్టే తీరు తేలికే. దాదాపు 3 మిల్లీమీటర్ల తాడు కొసలు రెండింటినీ సంచి వెనక రంధ్రాల్లో దూర్చి ముడివేస్తారు. మధ్యలో మిగిలిన ఉచ్చు మూతి మీదుగా ముందుకు వచ్చి మ్యాగజైన్ నెత్తిని అదిమి పడుతుంది. వేలికి దొరికేలా ఉచ్చు కొసన చిన్న పట్టీ ఉంటుంది. కోసిన కొసలను కాస్త మంటకు చూపిస్తే నైలాను పోగులు విడిపోవు. సంచిని తలకిందులు చేసి గట్టిగా విదల్చండి. మ్యాగజైన్ పడితే ముడి బిగించాలి, లాగినా రాకపోతే వదులు చేయాలి.

ఎండ, నూనె, గాలిలోని ఓజోను లోపలి రబ్బరును తినేస్తాయి. పైఅల్లిక బాగానే ఉన్నా తాడు సాగి వెనక్కి రాకపోతే ఆ రోజే మార్చేయండి.