రంగుల దుకాణానికి అగ్ని బీమా: లండన్ వర్తకుల నాటి లెక్కలు

అగ్ని బీమా మొదట గోడల కోసం పుట్టింది. గోడల మధ్య నిల్వ ఉండే సరుకు దాని లెక్కలోకి రావడానికి దాదాపు 30 ఏళ్లు పట్టింది. 1666 సెప్టెంబరు 2న లండన్‌లోని పుడింగ్ లేన్‌లో ఒక రొట్టెల దుకాణంలో రేగిన మంటలు నాలుగైదు రోజులపాటు నగరాన్ని దహించి సుమారు 13,200 ఇళ్లను బూడిద చేశాయి. ఆ తరువాత నగర పునర్నిర్మాణంలో లాభాలు గడించిన నికొలస్ బార్బన్, వైద్యవిద్య చదివి గృహనిర్మాణ వ్యాపారంలోకి దిగినవాడు, 1680లో ఫైర్ ఆఫీస్ అనే సంస్థను నెలకొల్పాడు. అక్కడ ఇటుక ఇంటికి దాని వార్షిక అద్దెలో రెండున్నర శాతం, కొయ్య ఇంటికి ఐదు శాతం ప్రీమియంగా, అంటే బీమా రక్షణకు చెల్లించే రుసుముగా, నిర్ణయించారు. ఇంట్లో ఎవరు ఏ వ్యాపారం చేస్తున్నారన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు. 1696లో మొదలైన హ్యాండ్ ఇన్ హ్యాండ్ సంస్థ సైతం భవనాలకే పరిమితమైంది.

అద్దె ఇంట్లో దుకాణం నడిపే వర్తకుడికి ఈ ఏర్పాటు వల్ల ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే గోడలు యజమానివి, కాలిపోయే సరుకు మాత్రం తనది. ఈ లోటును గుర్తించి 1708లో చార్లెస్ పోవీ సరుకుకూ, ఇంటి సామానుకూ బీమా పథకం ప్రారంభించగా, దానిని కొనుగోలు చేసిన భాగస్వాములు 1710లో సన్ ఫైర్ ఆఫీస్‌ను స్థాపించారు. చందాదారులకు ‘బ్రిటిష్ మెర్క్యురీ’ అనే పత్రికను కూడా పంపిన ఈ సంస్థ పాలసీ దస్తరాలు నేటికీ లండన్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిలో ఒక్కొక్క నమోదులో వర్తకుడి పేరు, వృత్తి, వీధి, భవనం ఇటుకదా కొయ్యదా అన్న వివరం, ఇంటి సామానుకు ఇంత, పనిముట్లకూ నిల్వ సరుకుకూ ఇంత అని విడివిడిగా రాసిన మొత్తాలు కనిపిస్తాయి. చిల్లర వర్తకులు తమ ఆస్తిపాస్తుల గురించి స్వయంగా వేరే రాతలు మిగిల్చింది బహు తక్కువ గనుక, చరిత్రకారులకు ఈ దస్తరాలు పెన్నిధి వంటివి.

ఇళ్ల అలంకరణ సామగ్రి అమ్మేవారిలో ఆనాడు ప్రధానంగా రెండు వర్గాలు ఉండేవి. మొదటివారు నూనెలు, రంగులు అమ్మే కలర్‌మన్లు. రెండవవారు గోడలకు అంటించే అచ్చుకాగితాలు తయారుచేసే పేపర్ స్టెయినర్లు. కలర్‌మన్ దుకాణంలో అవిసె నూనె పీపాలు, టర్పెంటైన్, వార్నిష్, దీపపు మసి, సీసంతో చేసిన తెల్లరంగు పక్కపక్కనే ఉండేవి. టర్పెంటైన్ నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. అవిసె నూనె తడిసిన గుడ్డలను కుప్పగా వదిలేస్తే, నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక, ఏ నిప్పూ తగలకుండానే అవి అంటుకోగలవు. అందువల్లనే బీమా సంస్థలు కలర్‌మన్లను రొట్టెలు కాల్చేవారితోనూ, కొవ్వొత్తుల వర్తకులతోనూ కలిపి ప్రమాదకర వృత్తుల జాబితాలో చేర్చాయి. పద్దెనిమిదవ శతాబ్ది చివరినాటికి స్థిరపడిన పద్ధతిలో సామాన్య బీమాకు ప్రతి 100 పౌండ్లకు ఏటా 2 షిల్లింగులు, ప్రమాదకర బీమాకు 3, ద్విగుణ ప్రమాదకర బీమాకు 5 షిల్లింగులు వసూలు చేసేవారు. ఇటుక భవనంలోని రంగుల దుకాణం రెండవ తరగతికి చెందితే, అదే దుకాణం కొయ్య ఇంట్లో ఉంటే మూడవ తరగతికి మారేది. బార్బన్ గోడను మాత్రమే చూశాడు. ఈ పట్టిక గోడనూ సరుకునూ కలిపి చూసింది. అగ్ని బీమా చరిత్రలో అసలైన ముందడుగు ఇదేనని చెప్పవచ్చు.

ప్రభుత్వం కూడా ఈ వర్తకులను వదలలేదు. గోడకాగితంపై 1712లో విధించిన పన్ను 1836 వరకు కొనసాగింది. అగ్ని బీమా పాలసీలపై 1782లో 100 పౌండ్లకు ఒకటిన్నర షిల్లింగుగా మొదలైన సుంకం 1815 నాటికి 3 షిల్లింగులకు చేరింది. పై రేట్ల ప్రకారం, ఇటుక భవనంలో 500 పౌండ్ల రంగుల నిల్వకు బీమా చేసే వర్తకుడు 15 షిల్లింగుల ప్రీమియంతో పాటు అంతే మొత్తం సుంకంగా కట్టవలసి వచ్చేది. జాగ్రత్తపడిన వ్యాపారిని శిక్షించిన ఈ సుంకం 1869లో గాని రద్దు కాలేదు.

1861 జూన్ 22న థేమ్స్ నది ఒడ్డున టూలీ స్ట్రీట్ గిడ్డంగుల్లో చెలరేగిన అగ్నిప్రమాదంలో బీమా సంస్థల ఉమ్మడి అగ్నిమాపక దళాధిపతి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ గోడ కూలి మరణించాడు. నష్టం సుమారు 20 లక్షల పౌండ్లని అంచనా. సంస్థలు రేట్లు అమాంతం పెంచడంతో ఆగ్రహించిన వర్తకులు అదే ఏడాది కమర్షియల్ యూనియన్ పేరిట సొంత సంస్థనే స్థాపించుకున్నారు.

వృత్తినీ భవనాన్నీ బట్టి రేటు కట్టే ఈ విధానం వలస పాలన ద్వారా భారతదేశానికీ వచ్చింది. 1850లో కలకత్తాలో ట్రైటన్ ఇన్సూరెన్స్ ఏర్పడింది. 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా జాతీయమై 107 సంస్థలు నాలుగు కంపెనీలుగా విలీనమయ్యాయి. అందరూ పాటించవలసిన ఉమ్మడి అగ్ని బీమా రేట్ల పట్టిక 2007 వరకు అమలులో ఉంది. పాత పద్ధతులలో చిన్న దుకాణదారును ఎక్కువగా దెబ్బతీసింది సరాసరి నిబంధన. దాని ప్రకారం 10 లక్షల రూపాయల సరుకుకు 6 లక్షలకే బీమా చేసినవాడికి 2 లక్షల నష్టం జరిగితే, అదే నిష్పత్తిలో 1 లక్షా 20 వేలు మాత్రమే దక్కుతుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో, ఒకేచోట 5 కోట్ల రూపాయల వరకు ఆస్తి ఉన్న వ్యాపారాలకు, బీమా మొత్తం అసలు విలువకన్నా 15 శాతం వరకు తక్కువగా ఉన్నా ఈ కోత వర్తించదు.