‘కర్ఫ్యూ’ అంటే అసలు అర్థం ‘నిప్పు కప్పెయ్’! ఇంటి ముందు మంట వెనక ఉన్న చరిత్ర

కరోనా టైములో మనందరి నోట్లో నానిన మాట ‘కర్ఫ్యూ’. ఈ మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ దానికి అర్థం ‘నిప్పు కప్పెయ్’ అని. మధ్యయుగాల యూరప్‌లో రాత్రి గంట కొట్టేవారు. అది వినగానే పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పెయ్యాలి. ఎందుకంటే ఇళ్లు కర్రవి, ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉండేవి. 1666లో లండన్‌లో ఒక రొట్టెల కొట్టులో మొదలైన మంట 13 వేలకి పైగా ఇళ్లని బూడిద చేసింది.

ఇప్పుడు మన ఆమదాలవలసకి వద్దాం. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు ఎటు చూసినా తాటాకిళ్లు, పూరిళ్లు, చుట్టిళ్లు. పక్కనే గడ్డివాము, పశువుల శాల, పిడకలు. మన దగ్గర గంట కొట్టేవాళ్లు లేరు గానీ పద్ధతి అదే. రాత్రి నిప్పుకి నివురు కప్పి, పొద్దున్న ఊది రాజేసుకునేవారు. పాలు కాచే దాలి కూడా అంతే. ఆ నిప్పుని నమ్మకూడదని కూడా మనవాళ్లకి తెలుసు. ‘నివురుగప్పిన నిప్పు’ అనే మాట అందుకే ప్రమాదానికి గుర్తయింది.

మరి చట్టం ఏం చేసింది? 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ సెక్షన్ 285 ప్రకారం, నిప్పుతో నిర్లక్ష్యంగా ఉండి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే ఆరు నెలల దాకా జైలు. 1920లో మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చింది. మన ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. పట్టణంలో గడ్డి, ఆకులు, చాపలతో ఇంటి కప్పు వేయాలంటే అనుమతి తీసుకోవాలని ఆ చట్టం చెప్పింది.

నాకు ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది. తాటాకు కప్పు ఎవరిది? పెంకు కొనలేని వాళ్లది. 2016 వేసవిలో బీహార్ ప్రభుత్వం కూడా పల్లెల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా పొయ్యి వెలిగించొద్దంది. ఎండకి, గాలికి గుడిసెలు తగలబడుతున్నాయని. కారణం నిజమే. కానీ పొద్దున్నే పనికి పోయే కూలీ ఇంట్లో మధ్యాహ్నం వంట ఎలా? రూలు భారం ఎప్పుడూ గుడిసె మీదే పడింది.

అసలు మార్పు తెచ్చింది పక్కా ఇళ్లు, గ్యాస్ పొయ్యిలు. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకంతో పేద ఇళ్లలోకి గ్యాస్ వచ్చింది. స్లాబులు లేచాయి. దాంతో నిప్పంటే భయం తగ్గింది. కానీ పక్క వీధిలో ఇంకా తాటాకిల్లు ఉంది, కళ్లంలో గడ్డి ఉంది. స్లాబింటి ముందు వేసిన మంట నుంచి లేచిన రవ్వ వెళ్లి వాలేది అక్కడే. ఆ ఇల్లు కాలితే ధాన్యం, పట్టాదారు పాస్‌బుక్కు, పిల్లల టెన్త్ సర్టిఫికెట్లు, అన్నీ ఒక్క గంటలో పోతాయి.

ఇప్పటి రూల్స్ ఏంటంటే, సెక్షన్ 285 స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 287 ఉంది. ఆరు నెలల దాకా జైలు, లేదా 2 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక బయట చెత్త తగలబెడితే 5 వేలు కట్టించాలని 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. భోగి మంటలో టైర్లు, ప్లాస్టిక్ వేసే ముందు ఇది గుర్తు పెట్టుకోండి. పిడకలు, ఎండు దుంగలు చాలు.

మంట వేసేటప్పుడు గడ్డి, తాటాకు కప్పు, కరెంటు తీగలు, బళ్లు దగ్గర్లో లేకుండా చూసుకోండి. గాలి ఎక్కువగా ఉంటే మానెయ్యండి. పెట్రోలు, కిరోసిన్ పొయ్యొద్దు. రెండు బకెట్ల నీళ్లు ముందే పెట్టుకోండి. పెద్దవాళ్లు ఒకరు చివరిదాకా ఉండాలి. అయిపోయాక నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పొయ్యండి. నివురు చూసి ఆరిందనుకోవద్దు. చెయ్యి దాటితే వెంటనే 101కి ఫోన్ చెయ్యండి.

ఇన్ని వందల ఏళ్ల రూల్స్ అన్నీ చదివాక నాకు అర్థమైంది ఒక్కటే. మంట మన వాకిట్లోదే కావచ్చు, కానీ జాగ్రత్త పక్కింటి కప్పు కోసం. ఈసారి భోగికి కర్రలు ఏరడానికి వెళ్లే ముందు, మీ వీధిలో తాటాకిల్లు ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. మంట దానికి దూరంగా వెయ్యండి.