పదిహేను పైసల కార్డు

ఆ ఫోను జర పక్కకు పెట్టు బిడ్డా. మంట దగ్గరికి జరుగు. సూరత్ ఉన్‌ల చలేంది తాతా అని నవ్వకు. పుష్యమాసంల తెల్లారగట్ల భేస్తాన్ పట్టాల దిక్కు నుంచి గాలి కొడితే నా మోకాళ్లకు తెలుస్తది, నీకేం తెలుసు. ఇవి పాత చెక్క కండెలు. ప్లాస్టిక్‌వి వచ్చినంక ఇవి పొయ్యికి తప్ప దేనికీ పనికిరాకుంటయినయి. ఏండ్ల నుంచి సాంచాల నూనె పీల్చినయి గదా, అగ్గిపుల్ల చూపిస్తే చాలు.

ఇందాక ఏం చూపిచ్చినవు? వార్తలు చదివే ఆ పిల్ల మనిషే కాదంటవు. 2023ల బిగ్ టీవీవాళ్లు మాయ అని పేరు పెట్టి తెచ్చిండ్రంటవు. పేరు మంచిదే పెట్టిండ్రు, ఏం దాచుకోలే. నాకు ఆ పిల్లతోటి పంచాది లేదు. గని దగ్గు రాదు, గొంతు బొంగురు పోదు, తప్పు చదివి క్షమించండి అనాల్సిన పని రాదు. అదే నాకు ఎట్లనో అనిపిచ్చింది.

మా చిన్నప్పుడు పొద్దుగాల ఏడు దాటి ఐదు నిమిషాలకు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలొస్తుండె. పన్యాల రంగనాథరావు గొంతు వినంగనే మా నాయిన మగ్గం ఆపేటోడు. ఆయన్ని మేం ఎవ్వరం చూసింది లేదు. అయినా ఒకనాడు ఆయనకు జలుబు చేస్తే, ‘అయ్యో, పెద్దాయనకు పడిశం పట్టినట్టున్నది’ అని మా అవ్వ దిగులు పడ్డది. రేడియో ఊరికే రాదు మరి. ఏటేటా పోస్టాఫీసుల పైసలు కట్టి లైసెన్సు పుస్తకంల స్టాంపు ఏయించుకోవాలె. వార్త వినుడు పెండ్లిభోజనం లెక్క, కాళ్లు కడుక్కొని కూసునేటోళ్లం.

అట్లని మేం మస్తు తెలివిగల్లోళ్లం అనుకునేవు. 1979 జూలైల స్కైలాబ్ పడుతదని రేడియో చెప్పింది. రేడియో చెప్పింది ఒక్క మాటే, ఊరు దానికి కొమ్ములు పెట్టింది. సరిగ్గ మా చెరువుగట్టు మీదనే పడుతదని తేల్చిండ్రు. ఎట్లయినా పోతం గదా అని కోళ్లు కోసుకున్నరు, మేకలు అడ్డికి పావుశేరు అమ్ముకున్నరు. మా వాడకట్టుల ఒకాయన ఏడేండ్ల కింద దొంగిలిచ్చిన ఇత్తడి చెంబు తెచ్చి, సచ్చేముందు పాపం మోసుకపోవద్దని అసలామె చేతుల పెట్టి ఏడ్చిండు. 11వ తారీఖు అది ఎక్కడనో ఆస్ట్రేలియాల, సముద్రంల పడ్డది. తెల్లారి ఆయన ఆమె గడపల నిలబడి, ‘అక్కా, అది నిన్న భయానికి ఇచ్చిన, నీది కాదేమో, జర చూడు’ అన్నడు. వెర్రి వెయ్యి విధాలంటే ఇదే.

ఎటో పోతున్న. ఇగ సూరత్ ముచ్చటకొస్త.

నేను వచ్చిననాడు ఉద్నాల ఒక ఖాతాల, అంటే మరమగ్గాల షెడ్డుల, పని. గదిల ఎనిమిది మందిమి, అందరం పద్మశాలోళ్లమే. పగలు నలుగురు పండుకుంటే రాత్రి నలుగురు. సాంచాల లొల్లిల పక్కోని మాట వినరాదు, సైగలే. లోకంల ఏమైతున్నదో తెలవాల్నంటే చాయ్ లారీకాడికి పోవాలె, లారీ అంటే ఇక్కడ తోపుడు బండి. అక్కడ గుజరాత్‌మిత్ర పేపరుంటుండె. 1863ల పుట్టిన పేపరు, మన తాతల తాతల నాటిది. ఒక ముసలాయన అద్దాలు పెట్టుకొని పైకి చదివేటోడు, చుట్టూ పదిమంది వినేటోళ్లం. ‘ఏ పేజీల ఉన్నది?’ అని ఎవడన్నా అడిగితే ఏలు పెట్టి చూపిచ్చేటోడు. గా ఏలు ఎంబడి చూసి చూసే నేను గుజరాతీ అక్షరాలు నేర్చుకున్న. తెలుగు పేపరంటవా, ఊరి నుంచి వచ్చినోడు సకినాలు పొట్లం కట్టుకొస్తే, సకినాలు పక్కకు పెట్టి ముందు పేపరు సాపు జేసుకొని చదివేటోళ్లం. నూనె మరక కాడ వార్త సగమే కనపడుతుండె. మిగిలిన సగం మేం కల్పించుకునేటోళ్లం.

1994 సెప్టెంబరు. గణపతిని సాగనంపి రెండు మూడు దినాలు కాలే, వేడ్ రోడ్డు దిక్కు ప్లేగు అన్నరు. పగటీలి లారీకాడ ఒకడు పది మంది పోయిండ్రన్నడు. పొద్దుమూకె వరకు వంద అయింది. రాత్రి షిఫ్టుకు నల్ల నీళ్లల్ల విషం కలిసిందట అని వచ్చింది. పెదవి దాటితే పృథివి దాటుతదని ఊరికే అన్నరా? అప్పుడు ఫోనెక్కడిది బిడ్డా? ఖాతా ఖాతాకు కాళ్లమీదనే ఉరికింది ఆ మాట. పేపర్లు సుత వందల లెక్క రాసినయి. ప్రైవేటు డాక్టర్లు మస్తుమంది క్లినిక్కులకు తాళాలేసి ఎల్లిపోయిండ్రు. డాక్టరే ఉరికినంక నేత పనోడు నిలుస్తడా? టెట్రాసైక్లిన్ గోళీ దొరికితే బంగారం దొరికినట్టే. లక్షలమంది ముక్కుకు దస్తీలు కట్టుకొని స్టేషన్ మీద పడ్డరు.

మా మామ ఒక్కడే కదలలే. ‘ఎవడు చూసిండురా? చూసినోన్ని ఒక్కన్ని పట్టుకరా, నేను సుత వస్త’ అన్నడు. మేం ఎవ్వరం తేలే. ఆయన్ని పిచ్చోడన్నం, నవజీవన్ ఎక్కినం. సంచిల ఏం పెట్టుకున్ననో తెలుసా? కట్టెర, రెండు కండెలు, ఒక దువ్వెన. బట్టలు మరిచిపోయిన. దొడ్డికాడ ఒంటికాలు మీద వరంగల్ దాక.

ఊర్లకు పోతే పండుగ చేస్తరనుకున్న. ‘సూరత్ నుంచి వచ్చిండట’ అని మా వాడ తలుపులన్నీ మూసుకున్నయి. మా అవ్వనే నన్ను కొట్టంల బర్రె పక్కకు పండుకోబెట్టింది. కంచం దూరంకెల్లి జరిపేది. బర్రెకు లేని భయం మనుషులకుండె.

ఐదో దినం పోస్టుమన్ వచ్చిండు. వాకిట్ల అడుగు పెట్టక, బాట మీదనే నిలబడి కార్డు చదివిండు. అది నేను రాసిన కార్డే. ఉరికిన దినానికి ముందుదినం పొద్దుగాల రాసి డబ్బల ఏసిన, పదిహేను పైసల కార్డు. ‘అవ్వా, ఇక్కడ మేం మంచిగున్నం. మా దిక్కు ఎవరికీ ఏం కాలే. మామ మంచిగున్నడు. లోకుల మాటలు నమ్మి పరేషాన్ గాకు.’ వాడకట్టంత విన్నది. నేను కొట్టంల గడ్డిమీద కూసోని నా మాటలు నేనే విన్న. కండ్లతోటి చూసి రాసింది కార్డు మీద ఉన్నది, చెవులతోటి విన్నది నన్ను బర్రె పక్కకు తెచ్చింది. అవ్వ ఏం చేసింది? పట్టకారు తెచ్చి, కార్డును అంచుకు పట్టి, రోగం పోవాల్నని పెంకల మీద ఎండకు పెట్టింది. నవ్వు, నవ్వు. గప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఆఖరుకు తేలింది సూరత్‌ల యాభై చిల్లర మంది పోయిండ్రని. ఆ ఇండ్లకు అదేం తక్కువ దుఃఖం కాదు. గని లారీకాడ లెక్క వేరే ఉండె. నెలకు మళ్లొస్తే మామ రెండు షిఫ్టుల పగారు ఎత్తుకున్నడు, నన్ను చూసి ఒక్క మాటనలే. అననందుకే ఎక్కువ సిగ్గయింది. మరుసటేడు మన తెలుగాయన, సూర్యదేవర రామచంద్రరావు, కమిషనర్‌గ వచ్చి గీ ఊరిని కడిగి పారేసిండు. అదే ఏడు సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నడంటే నేను సుత చెంచ పట్టుకొని లైన్ల నిలబడ్డ. బుద్ధి వచ్చిందని ఎప్పుడన్న చెప్పిన్నా?

ఇగ నీ ఫోను. పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరని ఇందాక వచ్చింది గదా, నువ్వు నలుగురికి పంపినవు, నేను చూసిన. 2018ల ఇసొంటి ముచ్చటకే మన తెలంగాణల మనుషుల్ని కొట్టి సంపిండ్రు. గద్వాలల అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి మేడం ఏం చేసింది? డప్పు పట్టిచ్చింది. పాటగాళ్లను ఊరూరికి పంపి ఇది అబద్ధం అని పాడిచ్చింది. డప్పు కొట్టేటోడు మనూరోడు, తప్పయితే రేపు పట్టుకొని అడుగొచ్చు. ఆ ఏడే వాట్సాప్‌ల ఒక్కపారి ఐదు చాట్లకంటే ఎక్కువకు పంపరాకుండ చేసిండ్రు. ఐదు చాలదా ఏంది? మా లారీకాడ ఒక్కడే చెప్పిండు.

నీకు ఎవరు పంపిండ్రు? గ్రూపుల వచ్చిందా? గ్రూపుల ఎవరు పెట్టిండ్రు? ఆయనకు ఎవరు? ... సరే, అడిగి చూడు. నేను ఈడనే కూసుంట. సందుగల ఆ కార్డు ఇంక ఉన్నది, మూలకు పట్టకారు మసి సుత పోలే. తెచ్చి చూపిస్త గని, ముందు ఇంకో రెండు కండెలు మంటలెయ్యి.