కంప కొడితే బయలు మిగులుతుందా?

కోయిలకుంట్ల అనగానే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గుర్తొస్తాడు. 1847లో ఆయన్ని ఉరితీసింది ఇక్కడే. ఆయన తలను 1877 దాకా కోటకి వేలాడదీసే ఉంచారని చెబుతారు. అదే 1877లో, కుందూ వెళ్లి పెన్నలో కలిసే చోటికి దగ్గర్లో, కడప జిల్లా కమలాపురంలో ఇంకో కథ మొదలైంది. దానికి విగ్రహం లేదు, సినిమా రాలేదు. అయినా ఈ ప్రాంతంలో ఏ వంక గట్టు మీద చూసినా, ఎండిన ఏ చెరువులో చూసినా కనబడేది అదే. సర్కారు తుమ్మ. మనవాళ్లు ఉత్త 'కంప' అనేస్తారు.

దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు. ఎండకి తట్టుకుని తొందరగా పెరిగే ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ రెవెన్యూ శాఖకి రాశాడు. మరుసటి ఏడాది కమలాపురంలో నాటారు. మన దేశంలో దీని తొలి నాటుగా చెప్పేది ఇదే. అప్పట్లో రైలింజన్లు కట్టెలు తినేవి, ఊళ్ల చుట్టూ అడవులు పలచబడుతున్నాయి. పైగా అది ఘోరమైన కరువు కాలం. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగోవంతు జనం తగ్గిపోయారు. మనుషులు రాలిపోతున్న నేలమీద బతికే చెట్టు కోసం వెతకడం అర్థంకాని పనేమీ కాదు.

అయితే ఆ నేల ఎవరిదన్న వాదన కూడా ఆ రోజుల్లోనే నడిచింది. ఊరి పొలిమేరలోని బీళ్లమీద, అడవులమీద ఊరివాళ్లకి పాతకాలం నుంచీ హక్కులున్నాయని మద్రాసు రెవెన్యూ బోర్డు పట్టుబట్టింది. అందుకే 1878 నాటి భారత అటవీ చట్టం మద్రాసుకి వర్తించలేదు. కానీ 1882లో మద్రాసుకి సొంత అటవీ చట్టం వచ్చింది. రిజర్వు హద్దులు పడ్డాయి. మేకని తోలుకెళ్లాలన్నా, మోపు కట్టెలు తెచ్చుకోవాలన్నా చీటీ కావాల్సి వచ్చింది. ఆ కోపమే 1921-22లో పల్నాడులోనూ, కడప జిల్లా రాయచోటిలోనూ అటవీ సత్యాగ్రహమై బయటపడింది.

రిజర్వు దాటలేని జనానికి మిగిలింది ఊరి పోరంబోకు. ఇప్పుడు అక్కడ నిలబడింది కంప. దీని ఆకుని మేక ముట్టదు, కాయని మాత్రం ఇష్టంగా తింటుంది. గింజలు పేడలో, పెంటికల్లో పడి ఊరంతా తిరుగుతాయి. అట్లా మందలే దీన్ని మోసుకెళ్లాయి.

అందుకే కొట్టాలా వద్దా అన్నప్పుడల్లా ఊరు రెండుగా చీలుతుంది. రైతుకి కంప శత్రువు. వంకలో నీటికి అడ్డం, చేను గట్టుమీద దాడి, కాల్లో దిగితే వారం కుంటుడు. గొర్రెలు కాసేవాళ్లకి గడ్డి పోయిందన్న బాధ. మరోవైపు పొయ్యి కింద మండేది అదే, దొడ్డికి కంచె అదే. బొగ్గు బట్టీలవాళ్లకి ఏడాది పొడుగునా పని అదే. భూమిలేని ఇంటికి అది ఎవర్నీ అడగకుండా దొరికే ఆస్తి.

పక్క రాష్ట్రంలోనూ ఇదే పేచీ. 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం చెరువులూ కుంటల్లోంచి దీన్ని తీసేయమని ఆదేశించింది. కొన్ని నెలలకే హైకోర్టు ఆ పనిని తాత్కాలికంగా ఆపింది.

కొట్టడం తేలిక. మొదలు మిగిలితే మాత్రం ఒక్క కొమ్మ పోయిన చోట నాలుగు లేస్తాయి. వేరుతో పెకిలించాలి, మట్టిలో ఉన్న గింజ మొలిచినప్పుడల్లా పీకాలి. ఒక్కసారి వచ్చి పోయే జేసీబీ వల్ల అయ్యే పని కాదది. ఏళ్ల తరబడి ఆ నేలని కనిపెట్టుకుని ఉండే మనుషులు కావాలి.

ఇంకో చిక్కుంది. కంప ఉన్నన్నాళ్లూ ఆ నేల జోలికి ఎవరూ రారు. శుభ్రం చేసిన మర్నాడే దానిమీద కళ్లు పడతాయి. ముందు ఒక చాలు దున్నుతారు, తర్వాత కంచె వేస్తారు, ఆపైన కాగితం పుట్టిస్తారు. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చిందంటే, ఈ జబ్బు ఒక్క సీమదే కాదని తెలుస్తుంది. అంటే ముళ్లు తెలియకుండానే పోరంబోకుకి కాపలా కాస్తున్నాయి. ఆ కాపలా తీసేసేముందు ఇంకో కాపలా పెట్టుకోవాలి కదా?

కాబట్టి గ్రామసభలో అడగాల్సింది చెట్టు గురించి మాత్రమే కాదు. కొట్టిన కట్టె ఎవరికి? వేలం డబ్బు ఏ ఖాతాకి? గడ్డి మొలిచేదాకా మందలు ఎక్కడ మేయాలి? కట్టెలు ఏరుకునే ఆడవాళ్లకి పొయ్యి ఎట్లా? నేల హద్దులు కొలిచి రాళ్లు పాతారా? వీటికి జవాబులున్న ఊరు నిశ్చింతగా కొట్టుకోవచ్చు. లేని ఊరు ముందు సర్వేయర్ని పిలవాలి, గొడ్డలి సంగతి తర్వాత.

దసరాకి మనం మొక్కే జమ్మి ఈ సర్కారు తుమ్మకి దగ్గర చుట్టమే. ఒకదానికి పసుపు కుంకుమ, ఇంకోదానికి గొడ్డలి. తేడా ఎక్కడొచ్చిందంటే, జమ్మిని ఊరు కోరి నిలుపుకుంది. తుమ్మని నాటేటప్పుడు ఊరిని ఎవరూ అడగలేదు. కనీసం కొట్టేటప్పుడైనా అడగాలి.