వెనక సీట్లోంచి చూస్తే

మంచు ఇంకా విడలేదు. జి.మాడుగుల మెయిన్ రోడ్డు పక్కన, టీ కొట్టుకి ఎదురుగా రెండు థార్ జీపులు బానెట్లు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. రెండింటి కప్పూ గుడ్డదే. మీ చేతిలో గ్లాసు వేడి మునివేళ్లకి ఎక్కుతోంది, చెవులకి మాత్రం చలి తగ్గలేదు. ఎర్ర బండి చుట్టూ తిరుగుతున్న కుర్రాడిది నుర్మతి వైపు ఊరు. కొద్దిగా కాఫీ తోట ఉంది, దాని నీడన మిరియాలున్నాయి. వెంట వచ్చింది మేనమామ. ఈ కొండల్లో కమాండర్ జీపు సర్వీసు తోలి, మోకాళ్లు అరిగాక మానేసిన మనిషి. ఏ బండో ఇవాళ తేల్చేయాలని ఇద్దరూ పొద్దున్నే వచ్చారు.

నంబరు ప్లేట్లు చూస్తే వయసు తెలిసిపోతుంది. నల్ల బండి మీద ఏపీ 31, విశాఖ జిల్లా పాత కోడు. ఎర్రదాని మీద ఏపీ 39. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే కోడు. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది, కానీ ప్లేటు చూసి జిల్లా చెప్పే రోజులు అప్పటికే పోయాయి.

నల్లది 2016 బండి. 2010లో వచ్చిన తొలి థార్ రకం: రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను, 105 గుర్రాల బలం, వెనక కమాను కట్టలు. ఎర్రది 2021 బండి. 2020 అక్టోబరు 2న విడుదలైన రెండో తరం: 2.2 లీటర్ల డీజిల్, 130 గుర్రాలు, కమానుల చోట కాయిల్ స్ప్రింగులు. పాతదానికి ఆరు లక్షలు చెబుతున్నారు, కొత్తదానికి పదిన్నర. రెండింటి అడుగున ఉన్నది మాత్రం ఒకే వంశం. 1947లో విల్లీస్ జీపులతో మొదలుపెట్టిన మహీంద్రావాళ్లు తర్వాత ఎమ్మెమ్ 540, కమాండర్, మార్షల్ అంటూ పోలీసులకీ ఫారెస్టువాళ్లకీ సంతకెళ్లేవాళ్లకీ అమ్ముకుంటూ వచ్చారు. కప్పు తీసే కారంటే బయటి ప్రపంచానికి స్పోర్ట్స్ కారే గుర్తొస్తుంది. మాజ్దావాళ్లు 1989లో తెచ్చిన మియాటా మీద ఇదే పేచీ ఇప్పటికీ నడుస్తోంది: లేచి నిలబడే హెడ్‌లైట్లున్న తేలికపాటి పాతదా, బలమూ భద్రతా పెరిగిన తర్వాతిదా అని. ఆ కారుని ఇక్కడి ఊరి దారుల్లోకి తెస్తే మొదటి గుంటలోనే పొట్ట ఆనుకుని ఆగిపోతుంది. మన్యంలో కప్పు లేని బండంటే జీపే.

"ఏటి అల్లుడూ, రంగు సూసి పడిపోనావా?"

మావ అప్పటికే నల్లదాని కింద గోనెసంచి పరుచుకున్నాడు. రాత్రంతా బండ్లు రెండూ ఇక్కడే ఉండాలనీ, తను వచ్చేదాకా ఎవరూ స్టార్టు చేయకూడదనీ ముందే షరతు పెట్టాడు. బానెట్ మీద చెయ్యి వేసి చూడండి, మంచు నీళ్లతో చల్లగా తగులుతుంది. అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచితే చల్లటి ఇంజను దగ్గే దగ్గు మనకి వినపడదు.

మీరూ కిందికి వంగండి. ఛాసిస్ మీద స్పానరుతో కొట్టుకుంటూ పోతున్నాడు. గట్టి ఇనుము ఖంగుమంటోంది. కమాను కట్టలు ఛాసిస్‌కి తగులుకునే చోట మాత్రం చప్పుడు మెత్తబడింది. అక్కడే నల్ల పెయింటు కొత్తగా, కాస్త దళసరిగా కనిపిస్తోంది. మావ గోటితో గీకి, రాలిన పొర మేనల్లుడి అరచేతిలో పెట్టాడు. ఏమీ అనలేదు. తర్వాత ప్రొపెల్లర్ షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి క్రాసుల్లో ఆట చూశాడు. ఆట ఉంది, కానీ అది చిన్న ఖర్చు. ఆఖరికి వెనక క్రౌన్ హౌసింగ్ పక్క బోల్టు విప్పి వేలు లోపలికి పెట్టాడు. బయటికొచ్చిన నూనె మీ చేతిలోని టీ రంగులో ఉంది.

"గెడ్డ దాటినాదిది. దాటినాక నూని మార్చనేదు."

అమ్మే మనిషి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. వాగులో వెనక ఇరుసు మునిగినప్పుడు వేడి హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడి నీళ్లని లోపలికి పీలుస్తుంది. నూనె మారిస్తే సరిపోతుంది. మార్చకుండా రెండు వానాకాలాలు తోలితే బేరింగులు పోతాయి. ఇప్పుడా బేరింగులు ఎలా ఉన్నాయో మోతలో తేలాలి. అందుకే ఎక్కండి.

మీరు వెనక ఎక్కండి. ముందు సీట్లో కూర్చుని కొన్నవాళ్లందరూ ఇంజను గురించి మాట్లాడతారు. ఈ కొండల్లో జీపు విలువ వెనక తెలుస్తుంది.

వెనక తలుపు తెరిస్తే ఎదురెదురుగా రెండు బెంచీలు. అల్లం బుట్టతో ఉన్న ముసలమ్మ ఒకావిడ 'మా ఊరి దాకా' అని అడిగి, మెట్టు మీద కాలేసి సులువుగా లోపలికొచ్చింది. ఇద్దరు పిల్లలు, ఒక బస్తా, మీరు. ఇంకా చోటుంది. ఊరు దాటగానే రెండు పక్కలా వలిసె పూల పసుపు, దాని పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడలో పండ్లు ఎరుపెక్కుతున్న కాఫీ. తారు రోడ్డు వదిలాక ఆ చూపు మీకు దక్కదు. కమాను కట్టలు ప్రతి రాయినీ ఉన్నదున్నట్టు మీ నడుముకి అందిస్తాయి. ఎక్కుడులో బండి నింపాదిగా, ఎక్కడా ఆయాసం లేకుండా లాగుతోంది. వెనక నుంచి సన్నటి ఊళ వినిపిస్తోంది, అదే మావ వెతుకుతున్న మోత. ఇంకా బేరింగు పోలేదు, పోవాలని ఆలోచిస్తోంది.

తర్వాత దిగుడు. ఎర్రమట్టి, పైన గులకరాళ్లు, కింద సన్న గెడ్డ.

"బ్రేకు మీద కాలెయ్యకు. లో గేరెట్టి ఒగ్గీ. ఇంజనే దింపుతాది."

కుర్రాడు చిన్న లివరు లాగి లో రేంజిలో వేశాడు. బండి నత్తనడకన దిగుతోంది, బాగానే ఉంది. కానీ మీరు పక్కకి తిరిగి కూర్చున్నారు. ఏటవాలుకి ఒళ్లంతా ముందుకి జారుతోంది. ముసలమ్మ మీ భుజం మీదికి, మీరు బస్తా మీదికి. పట్టుకోవడానికి పైన ఒక పైపు ఉంది, బెల్టు లేదు. ముందు సీట్లకైనా ఎయిర్ బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. ఈ రకానికి ఏబీఎస్ దక్కింది 2019లో, ఆఖరి రోజుల్లోనే. లో రేంజిలో ఇంత నెమ్మదిగా దిగితే ఇవేవీ అక్కర్లేదు. పాడేరు ఘాటీలో హై గేరులో దిగుతూ మలుపులో ఎదురుగా బస్సు వస్తేనే తేడా తెలిసేది.

ఈ బెంచీని నేనిలా తిడుతుంటే మావకి కోపం వస్తుంది. ఆయన చెప్పేదీ వినాలి. డోలీలో మోసుకొచ్చిన బాలింతల్నీ జ్వరాలవాళ్లనీ రోడ్డు మొదలయ్యే చోట ఎక్కించుకుని, రెండు బెంచీల మధ్య దుప్పటి పరిచి పడుకోబెట్టి ఆసుపత్రికి దించినవాడు ఆయన. వెనక ముందుకి తిరిగిన రెండు సీట్లే ఉన్న బండిలో మనిషిని ఎక్కడ పడుకోబెడతారు? ఈ ప్రశ్నకి ఎర్ర బండి దగ్గర జవాబు లేదు. ఫీడర్ అంబులెన్సు బైకులు వచ్చాయి, 108 ఉంది. అయినా అర్ధరాత్రి సిగ్నల్ లేని ఊళ్లో మొదట తలుపు కొట్టేది జీపున్నవాడి ఇంటికే.

గెడ్డ దగ్గర బండి వెనక్కి తిప్పి టీ కొట్టు దగ్గరికొచ్చేశాం, ముసలమ్మ ఊరు ఇంకా అవతలే. ఇప్పుడు ఎర్రది. కప్పు మడుద్దాం. ముందు వెనకాల ప్లాస్టిక్ కిటికీల జిప్పులు లాగాలి. అవి గీతలు పడి మసకబారితే వెనక వచ్చే బండి కనపడదు, మార్చాలంటే డబ్బులు. వీటిలో ఒకటి అప్పుడే మసకేసింది. తర్వాత ముందు అద్దం పైనున్న కొక్కేలు విప్పి, ఇద్దరు చెరో పక్కా పట్టుకుని వెనక్కి మడిచేశారు. బటన్ నొక్కితే దానంతటది ముడుచుకునే రకం కాదిది. చెడిపోయే మోటారు లేకపోవడం నాకైతే మేలే అనిపించింది.

ఈ బండి నిన్నటిదాకా విశాఖలో ఉంది. అందుకే మావ మొదట కింద దూరలేదు. తలుపుల బయటికే కనిపించే బందుల బోల్టులు చూశాడు. సముద్రపు గాలి మొదట కొరికేది వాటినే. రెండు బోల్టుల తలల మీద ఎర్రటి పొడి ఉంది, ఛాసిస్ శుభ్రంగా ఉంది. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూశాడు. వరదలో మునిగిన బండిని ఎంత కడిగినా బెల్టు చివర బురద చార మిగిలిపోతుందట. ఇక్కడ చార లేదు.

ఎక్కడం దగ్గర మాత్రం ఇది ఓడిపోయింది. వెనక్కి వెళ్లాలంటే ముందు సీటు మడిచి, ఆ సందులోంచి దూరాలి. ముసలమ్మ ఒక కాలు పెట్టి, చీర సర్దుకుని, కాలు వెనక్కి తీసుకుంది. "నాను నడిసెల్లిపోతాను నాయినా" అని అల్లం బుట్ట నెత్తికెత్తుకుంది.

మీరు దూరండి. ఒకసారి కూర్చుంటే వేరే లోకం. ముఖం ముందుకి, ఒంటికి బెల్టు, తల మీద రోల్ కేజి కడ్డీలు. అదే రాళ్ల దారి, కానీ దెబ్బ నడుముదాకా రావడం లేదు. నేలకీ బండి పొట్టకీ మధ్య ఎత్తు పాతదానిలో 200 మిల్లీమీటర్లయితే ఇందులో 226. కంపెనీ లెక్కలో 650 మిల్లీమీటర్ల నీళ్లదాకా దిగొచ్చు, గెడ్డలో చక్రం సగం కూడా మునగలేదు. దిగుడులో కుర్రాడు కావాలనే బ్రేకు గట్టిగా తొక్కాడు. ఏబీఎస్ టకటకలాడింది, బండి తిన్నగానే ఉంది, అయితే గులకరాళ్ల మీద అనుకున్నదానికన్నా నాలుగడుగులు ముందుకెళ్లి ఆగింది. "అదీ సంగతి, ఇక్కడా గేరే దించాల" అని మావ సంతోషపడ్డాడు. 2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్‌వాళ్లు దీన్ని గోడకేసి గుద్ది పెద్దలకి నాలుగు, పిల్లలకి నాలుగు నక్షత్రాలిచ్చారు. ఆ పరీక్ష ముందుకి చూసే సీట్లున్న బండికి.

మావ బెంగ ఇంజను దగ్గరుంది. పాతది ఆగిపోతే ఏ ఊళ్లోనైనా నలుగురు తలో చెయ్యీ వేస్తారు. దీనిలో డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగితే స్కానరున్న చోటికి దిగాలి. బీఎస్ 6 డీజిల్ కాబట్టి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరుంది. చిన్న చిన్న దూరాలే నెమ్మదిగా తిరుగుతుంటే అది కాలి శుభ్రపడదు, పూడుకుపోతుంది. అప్పుడప్పుడు నర్సీపట్నం దాకానో విశాఖ దాకానో ఆగకుండా ఒక పరుగు తీయించాలి. టైర్లు పదహారు సైజువి కావడం నయం. పై రకానికొచ్చే పద్దెనిమిది అంగుళాలవైతే స్పేరు కోసం కొండ దిగాల్సిందే.

సీజన్లో వంజంగి మేఘాలు చూడ్డానికొచ్చేవాళ్లని ఎక్కించుకుంటే ఈఎంఐ వచ్చేస్తుందని కుర్రాడికి ఆశ. తెల్ల బోర్డు మీద కిరాయి తోలితే, అంతా బాగున్నప్పుడు ఎవరూ అడగరు. లోయలోకి జారిన రోజున బీమావాళ్లు మొదట అడిగేది అదే. కిరాయికే అయితే పర్మిటు తీసుకుని పసుపు బోర్డు పెట్టుకోవాలి, అప్పుడు ఈ లెక్కంతా మారిపోతుంది. నా సలహా అడిగితే, ఆ ఆశని పక్కన పెట్టి బండి ఎంచుకోమంటాను.

నా ఓటు ఎర్రదానికే. పాత థార్ గట్టిదని అందరూ అంటారు, నిజమే. గట్టి ఇనుముతో బండి బతుకుతుంది. లోపల బెంచీ మీదున్న మనిషి సంగతి వేరే.

తేల్చింది మాత్రం నేనూ కాదు, మావా కాదు. కుర్రాడి భార్య చంకలో బిడ్డతో వచ్చి, ఎవరి మాటా వినకుండా నల్లదాని వెనక ఎక్కి కూర్చుంది. బిడ్డని ఒళ్లో పెట్టుకుంది. కుడి చేత్తో బిడ్డని పట్టుకుని, ఎడమ చేత్తో పైపు పట్టుకుంది.

"మలుపులో రెండో సెయ్యి కావాలంటే ఏటి సెయ్యాల?"

మావ తలగోక్కున్నాడు. ఆమె దిగి, సందులోంచి కష్టంగానే దూరి ఎర్రదానిలో కూర్చుంది. పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఎక్కడున్నాయో అమ్మే మనిషినే వెతికి చూపించమంది. ఆయనకి తెలియదు. ఆమే సీటు సందులో వేళ్లు పెట్టి పట్టుకుంది.

ఇక కాగితాలు. ఆర్సీలో బ్యాంకు పేరు ఇంకా ఉంది. అప్పు తీరిందంటాడు అమ్మేవాడు. తీరితే ఫారం 35 మీద బ్యాంకు సంతకం ఏదని మావ. 29, 30 ఫారాల మీద మాత్రం సంతకాలు పెట్టి తెచ్చాడు. "బేంకు కాయితం తే, అప్పుడు మిగతాది. ఇప్పుడు ఇరవై వేలు అడ్వాన్సు, రసీదు రాసీ." పదిన్నర పది దగ్గరికి దిగింది. మసకబారిన కిటికీ చూపించి మావ ఇంకో ఎనిమిది వేలు దించాడు. జాకీ, వీల్ స్పానరు, రెండో తాళం చెవి ఉన్నాయో లేవో లెక్క చూసుకుంటున్నారు. రెండో తాళం చెవి విశాఖలో ఉండిపోయిందట. మావ రసీదు మీద పెన్ను ఆపాడు.