మాటల పట్టీ రాసిన వైద్యుడు

అమరకోశంలో లోపాలున్నాయని రాసిన ఒక వైద్యుడి పుస్తకం, ఇంగ్లిషులో రాసే చాలామందికి నేటికీ చేతికందేంత దూరంలో ఉంటుంది. దాని పేరు ‘థెసారస్ ఆఫ్ ఇంగ్లిష్ వర్డ్స్ అండ్ ఫ్రేజెస్’. 1852లో లండన్‌లో లాంగ్‌మన్ సంస్థ మొదటి ముద్రణగా వెయ్యి ప్రతులు వేసింది. రచయిత పీటర్ మార్క్ రోజేకి అప్పటికి 73 ఏళ్లు. అదే ఏడాది మద్రాసులో సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు వెలువడింది. ఒకరికొకరు తెలియని ఇద్దరు, సముద్రానికి ఇటొకరు అటొకరు కూర్చుని, మాటలు పోగెయ్యడానికి దశాబ్దాలు ధారపోశారు.

తనకన్నా ముందు మాటల్ని అర్థాన్ని బట్టి పేర్చినవాళ్లు ఎవరెవరున్నారో రోజే ముందుమాటలో చెప్పాడు. ఆ వరసలో అందరికంటే పాతవాడిగా, సంస్కృతంలో అమరకోశం రాసిన అమరసింహుణ్ణి పేర్కొన్నాడు. 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన కోల్‌బ్రూక్ ఇంగ్లిషు అనువాదం సంగతీ రాశాడు. ఆ వెంటనే ఆ అమరిక అసంపూర్ణంగా ఉందనీ, మనసుకూ ఆలోచనకూ సంబంధించిన మాటల దగ్గర మరీ గందరగోళమనీ తీర్పు చెప్పేశాడు. అమరం వల్లెవేసిన ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ మాట చివుక్కుమనిపిస్తుంది. ఆయన అలా ఎందుకన్నాడో తెలియాలంటే ఆయన చేసిన పని ఏమిటో చూడాలి.

రోజే 1779లో లండన్‌లో పుట్టాడు. తండ్రి జెనీవా నుంచి వచ్చిన క్రైస్తవ పాదరీ. పిల్లవాడికి నాలుగేళ్లప్పుడే క్షయతో పోయాడు. రోజే పద్నాలుగేళ్లకు ఎడిన్‌బరోలో విశ్వవిద్యాలయ చదువుకు చేరి, పందొమ్మిదేళ్లకు వైద్య పట్టా పుచ్చుకున్నాడు. మాంచెస్టర్ పత్తి వ్యాపారి ఒకాయన కొడుకులిద్దరికీ గురువుగా వాళ్లను వెంటబెట్టుకుని 1802లో ఐరోపా యాత్రకు వెళ్లాడు. 1803లో యుద్ధం మళ్లీ మొదలై, తన ఏలుబడిలో ఉన్న ఇంగ్లిషు మగవాళ్లను నిర్బంధించమని నెపోలియన్ ఉత్తర్వు వేశాడు. అప్పటికి వీళ్లు జెనీవాలోనే ఉన్నారు. తండ్రి ఆ ఊరివాడేనని రుజువు చేసుకుని, జెనీవా పౌరుడిగా కాగితాలు సంపాదించి రోజే బయటపడ్డాడు. ఇంటివైపు నుంచీ కష్టాలు తక్కువేం కాదు. మేనమామ శామ్యూల్ రామిలీ పేరున్న న్యాయవాది, శిక్షాస్మృతిని సంస్కరించాలని పోరాడినవాడు. 1818లో భార్య పోయిన కొద్ది రోజులకే ఆయన తన గొంతు తానే కోసుకున్నాడు. తల్లి మనసు కూడా కుదురుగా ఉండేది కాదు. ఇంత అలజడి మధ్య బతికినవాడికి మాటల్ని వరసగా, వర్గాలుగా రాసుకోవడమే ఊరటగా ఉండేదని ఆయన జీవితచరిత్ర రాసిన జాషువా కెండాల్ అంటాడు. అందులో నిజం ఉందనిపిస్తుంది. పట్టీలు రాసుకునే అలవాటు రోజేకి చిన్నప్పటిదే.

మాంచెస్టర్ ఆసుపత్రిలో పనిచేస్తూ 1805లో ఆయన ఈ పుస్తకానికి తొలి రూపమైన పట్టీ కూర్చుకున్నాడు. సుమారు 15,000 మాటలు. అచ్చు వేయించాలని కాదు, తన రాతకు, ఉపన్యాసాలకు ఆసరాగా మాత్రమే. దాదాపు అర్ధ శతాబ్దం అది ఆయన సొంత సాధనంగానే ఉండిపోయింది. ఈలోగా ఆయన లాగ్-లాగ్ స్లైడ్ రూల్ కనిపెట్టాడు. నిలువు సందుల్లోంచి చూస్తే తిరిగే బండిచక్రం ఆకులు వంగినట్టు ఎందుకు కనిపిస్తాయో 1824లో వివరించాడు. సినిమా చరిత్ర రాసేవాళ్లు ఆ వ్యాసాన్ని తప్పకుండా తలచుకుంటారు. 1827 నుంచి ఇరవై ఏళ్లకు పైగా రాయల్ సొసైటీ కార్యదర్శిగా ఉన్నాడు. ఆ బాధ్యతలు దిగాకే పాత పట్టీని బయటికి తీసి, పెంచి, పుస్తకం చేశాడు.

ఆ పుస్తకం తెరిస్తే ఏ, బీ, సీ వరస కనపడదు. మొక్కల్ని, జంతువుల్ని శాస్త్రజ్ఞులు వర్గీకరించినట్టు రోజే మొత్తం మాటల్ని ఆరు తరగతులు చేశాడు: అమూర్త సంబంధాలు, స్థలం, పదార్థం, బుద్ధి, సంకల్పం, మనోభావాలు. వాటి కింద వెయ్యి శీర్షికలు. మొదటిది ఉనికి, వెయ్యోది దేవాలయం. అసలు కిటుకు పేజీ అమరికలో ఉంది. పేజీని రెండు నిలువు వరసలు చేసి, ఎడమవైపు ‘ఎగ్జిస్టెన్స్’ కుటుంబాన్ని, దానికి ఎదురుగా కుడివైపు ‘ఇనెగ్జిస్టెన్స్’ కుటుంబాన్ని నిలబెట్టాడు. ఇలా ఎక్కడ వీలైతే అక్కడ ఒక భావం, దాని ఎదుటి భావం ముఖాముఖి ఉంటాయి. అమరకోశంలో పర్యాయపదాలకు కొదవ లేదు. ఒక్క అగ్నికే ముప్పైకి పైగా పేర్లున్నాయి. కానీ ఎదుటి మాటను ఎదురుగా పెట్టే ఏర్పాటు అందులో లేదు. దేవతలు, కాలం, భూమి, ఊళ్లు, చెట్లు, జంతువులు, మనుషుల కులవృత్తులు: కంటికి కనిపించే లోకమూ కథల్లోని లోకమూ దాని చట్రం. సందేహం, నిశ్చయం, పూనిక, వెనుకంజ వంటి లోపలి సంగతులకు రోజే రెండు తరగతులు కేటాయించాడు. ఆయన తీర్పు కటువుగా ఉన్నా ఈ ఒక్క విషయంలో అన్యాయం కాదు. అయితే అమరం శ్లోకరూపంలో ఉంది, నోటికి పట్టించడానికి పుట్టింది. దాన్ని పేజీ మీది అమరికతో పోల్చి తప్పు పట్టడం మాత్రం సబబు కాదు.

థెసారస్‌లో లేనిది ఇంకొకటుంది. అర్థాలు లేవు. ఏ మాటకూ నిర్వచనం ఇవ్వలేదు. మాట తెలిసి అర్థం కావాలంటే నిఘంటువు చూసుకోవాలి. భావం తెలిసి మాట తట్టకపోతే తన దగ్గరికి రావాలి. రోజే లెక్క అది. అంటే ఆయన పుస్తకం మాటలు నేర్పదు, తెలిసిన మాటల్ని గుర్తుచేస్తుంది. పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు బట్టీపట్టించే ప్రతి పుస్తకమూ తర్వాతి కాలంలో మరచిపోయిన తేడా ఇదే. ‘నాజూకు’, ‘బక్క’ రెండూ సన్నగా ఉండడాన్నే చెబుతాయి. పెళ్లిచూపుల్లో ఒకదాని బదులు ఇంకోటి వాడితే ఏమవుతుందో తెలుగువాడికి వేరే చెప్పక్కర్లేదు. ఆ మెలకువ తెలుగులో పుట్టి పెరిగినందువల్ల వచ్చింది, పట్టీ చదివి కాదు. ఇంగ్లిషు పట్టీ చదివే తెలుగు కుర్రాడికి ‘స్లెండర్’, ‘స్క్రానీ’ ఒకే వరసలో కనిపిస్తాయి. వాటి మధ్య ఉన్న దూరం కనిపించదు.

నేర్చుకునేవాళ్ల కోసమే రాసిన పుస్తకాలు ఇంగ్లిషులో అంతకు చాలాముందే ఉన్నాయి. 1604లో రాబర్ట్ కాడ్రీ అనే పంతులు సుమారు 2,500 కఠిన పదాలకు తేలిక మాటల్లో అర్థాలు రాసి అచ్చువేయించాడు. ఇంగ్లిషుకు ఇంగ్లిషులోనే అర్థం చెప్పిన మొదటి నిఘంటువుగా దానికి పేరు. లాటిన్, గ్రీకు చదువుకోనివాళ్లు, ముఖ్యంగా స్త్రీలు, ప్రవచనాల్లో వినిపించే పెద్ద మాటల్ని తెలుసుకోవాలని ఆయన తాపత్రయం. అక్షరక్రమంలో మాట వెతకడం ఎలాగో కూడా పాఠకులకు నేర్పాల్సి వచ్చింది. ముందు అక్షరమాల బాగా కంఠస్థం చేసుకోండి, ఏ అక్షరం మొదట్లో ఉందో ఏది చివర్లో ఉందో గుర్తుపెట్టుకోండి అని ముందుమాటలో బుజ్జగించి చెప్పాడు. మనకు ఇంత సహజంగా తోచే పద్ధతి ఒకప్పుడు పాఠం చెప్పి నేర్పిన పద్ధతి.

మన వైపు సంగతికొస్తే, 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో లెక్క తీయమన్నాడు. మరుసటి ఏడాది బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన జవాబు ఇప్పటికీ చదవదగ్గది. అప్పటి ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో తెలుగు బడులు 226. బడుల్లో వాడే నిఘంటువులు, వ్యాకరణాలు ఏవేవో ఆయన పేర్లతో సహా రాశాడు. ఆ జాబితాలో అమరం ఉంది, ఆంధ్రనామసంగ్రహం ఉంది. ఈ రెండోది పైడిపాటి లక్ష్మణకవి తెలుగు మాటల పర్యాయపదాలను పద్యాల్లో కూర్చిన నిఘంటువు. రోజే పుస్తకం అచ్చుకు దాదాపు ముప్పై ఏళ్ల ముందే రాయలసీమ వీధిబడుల పుస్తకాల్లో పర్యాయపద నిఘంటువులున్నాయన్నమాట. క్యాంప్‌బెల్ బడిపిల్లల జ్ఞాపకశక్తిని కాదనలేదు. అయితే అర్థం తెలియకుండా చిలకల్లా అప్పజెబుతున్నారని నిష్ఠూరంగా రాశాడు. పరాయి పాలకుడి మాట కదా అని కొట్టిపారేయలేం. పదో తరగతి తెలుగు పరీక్షకు పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి-వికృతులు బట్టీకొట్టి మర్నాడే మరచిపోయిన ప్రతి ఒక్కరికీ ఆయన ఏమంటున్నాడో తెలుసు.

ఆ తర్వాత కథ అమెరికాకు మారింది. 1920లలో గళ్లనుడికట్టు మోజు పెరిగి థెసారస్ గిరాకీ పెరిగింది. అదే దశాబ్దంలో, 1926 జూన్‌లో మొదటి శాట్ (కాలేజీ ప్రవేశ) పరీక్ష సుమారు ఎనిమిది వేలమంది రాశారు. అందులో వ్యతిరేక పదాలకు ప్రత్యేక విభాగం ఉంది. రోజే ఎదురెదురుగా నిలబెట్టిన జంటలు కాలేజీ గేటు దగ్గర కాపలా కాయడం అప్పుడు మొదలైంది. పరీక్ష ఉన్నచోట పట్టీ పుడుతుంది. 1945లో రీడర్స్ డైజెస్ట్‌లో విల్ఫ్రెడ్ ఫంక్ పదసంపద శీర్షిక ప్రారంభించాడు. 1949లో నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ వచ్చింది. మన దేశంలో ఇంగ్లిషు బాగు చేసుకోవాలనుకున్న తరాల చేతుల్లో అది నలిగింది.

లూయిస్‌ను నేను మిగతావాళ్లతో కలపను. ఆయన పట్టీ ఇవ్వలేదు. ‘ఈగోయిస్ట్’, ‘ఈగోటిస్ట్’, ‘ఆల్ట్రూయిస్ట్’ అనే ముగ్గురు మనుషుల్ని ముందు మన ముందుకు తెస్తాడు. ఒకడికి తన లాభమే లోకం, ఒకడు తన గొప్పలే చెప్పుకుంటాడు, ఒకడు ఎదుటివాడి మేలు చూస్తాడు. మనిషి అర్థమయ్యాక మాట చెబుతాడు, గట్టిగా పలకమంటాడు, దాని లాటిన్ మూలం విప్పుతాడు, ఖాళీలు నింపమంటాడు, నాలుగు పేజీల తర్వాత మళ్లీ అడుగుతాడు. తేడా తెలిశాక ఆ మొదటి రెండు మాటలూ ఇక కలగాపులగం కావు.

హైదరాబాద్‌లో మాత్రం ఒక తరం ఇంకో పుస్తకానికి అంకితమైంది. అమెరికాలో ఎమ్మెస్ చేయాలనుకున్న ఇంజినీరింగ్ కుర్రాళ్లు జీఆర్‌ఈ కోసం బ్యారన్స్ పుస్తకంలోని 3,500 మాటల జాబితా పట్టుకున్నారు. హిమాయత్‌నగర్, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో, హాస్టల్ గదుల్లో, సిటీ బస్సుల్లో అదే జపం. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత ప్రతుల్ని తిరగేస్తే వాళ్ల శ్రమ కళ్లకు కడుతుంది. మొదటి పేజీల్లో మాటల పక్కన పెన్సిల్‌తో తెలుగు అర్థాలు, చుక్కలు, టిక్కులు కిక్కిరిసి ఉంటాయి. పోనుపోను పలచబడతాయి. జాబితా అక్షరక్రమంలో ఉండడం వల్ల ‘అబేస్’, ‘అబాష్’, ‘అబేట్’ మొదట్లోనే ఒకదాని వెంట ఒకటి మీద పడతాయి. కించపరచడం, సిగ్గుపడేట్టు చేయడం, తగ్గుముఖం పట్టడం: మూడు అర్థాలకూ పొంతన లేదు, చెవికి మాత్రం మూడూ ఒకటే. లెక్కల్లో దిట్టలైన పిల్లలు ఈ మూడింటి దగ్గర తడబడ్డారంటే తప్పు వాళ్లది కాదు.

పోనీ అర్థం దగ్గరగా ఉన్న మాటల్ని ఒకేసారి నేర్పితే? చాలా బడి పుస్తకాలు చేసేది అదే. 1993లో టింక్‌హామ్ అనే పరిశోధకుడు దీన్ని పరీక్షించి చూశాడు. ఒకే కోవకు చెందిన కొత్త మాటల్ని కలిపి నేర్చుకోవడానికి, సంబంధం లేని మాటల్ని నేర్చుకోవడానికన్నా ఎక్కువ శ్రమ పట్టింది. 1997లో వారింగ్ జపాన్ విద్యార్థులతో మళ్లీ చేసినా ఇంచుమించు అదే ఫలితం. కుడి, ఎడమ ఒకేరోజు నేర్పిన చిన్నపిల్లాడు చాన్నాళ్లు ఏ చెయ్యి ఏదో తేల్చుకోలేనట్టే ఇదీ. రెండిట్లో ఒకటి బాగా కుదురుకున్నాక రెండోది చెబితే ఆ తికమక ఉండదు. అందుకే పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు పాఠం మొదట్లో కాదు, చివర్లో రావాలని నేను గట్టిగా నమ్ముతాను. ముందు మాట ఒక వాక్యంలో ఎదురవ్వాలి, నిఘంటువులో అర్థం చూసుకోవాలి, మరో రెండుచోట్ల తారసపడాలి. ఆ తర్వాత దాని చుట్టాలెవరో, పగవాళ్లెవరో థెసారస్‌లో చూసుకుంటే ఆ జాబితా మాట్లాడుతుంది.

పరీక్షలు పెట్టేవాళ్లు కూడా నెమ్మదిగా ఈ దారికే వచ్చారు. 1994లో శాట్ నుంచి వ్యతిరేక పదాలు పోయాయి. జీఆర్‌ఈలో అవి 2011 ఆగస్టు దాకా నిలిచాయి. వాటి స్థానంలో వచ్చిన ఒక రకం ప్రశ్నలో ఖాళీ ఉన్న వాక్యం ఒకటి, కింద ఆరు మాటలు ఇస్తారు. వాక్యానికి నప్పే రెండు మాటలు ఎంచాలి, ఏది పెట్టినా వాక్యం ఒకే అర్థం ఇవ్వాలి. రెండూ సరిగ్గా గుర్తిస్తేనే మార్కు, ఒకటి తప్పినా సున్నా. ఆ ఆరింటిలో పచ్చి పర్యాయపదాల జంట ఒకటి కనిపించినంత మాత్రాన దాన్ని గుర్తించేయొద్దని పరీక్ష నిర్వహించే ఈటీఎస్ తన సూచనల్లోనే హెచ్చరిస్తుంది. ఆ జంట వాక్యానికి సరిపోకపోవచ్చు. పట్టీ మాత్రమే వల్లించినవాడు సరిగ్గా అక్కడే మార్కు పోగొట్టుకుంటున్నాడు.